ఫొటో వెళ్లినంత దూరం పరిశోధన వెళ్లదు

శీతకాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పక్కన ఆగిన కార్లను చూస్తే చాలు, పులికాట్‌కి ప్రచారం తక్కువేమీ లేదని తెలిసిపోతుంది. రోడ్డుకి రెండు వైపులా లోతు లేని నీళ్లు. ఆ నీళ్లలో మెడ వంచి, ముక్కు తలకిందులుగా పెట్టి, బురదతో సహా నీళ్లు లోపలికి లాక్కుని, పురుగూ నాచూ వడగట్టుకుని మిగతాది బయటికి తోసేసే ఫ్లెమింగోలు. ఆ గులాబీ రంగు రెక్కలు సాయంత్రానికల్లా వేల ఫోన్లలో తిరుగుతాయి. చిలికా తర్వాత దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, 2022లో జిల్లాలు మారాక తిరుపతి జిల్లాలో ఉంది. దక్షిణపు కొస తమిళనాడుకి చెందుతుంది. ఈ సరస్సు గురించి దశాబ్దాలుగా వస్తున్న రాతలు ఇంకో రకంవి ఉన్నాయి. నీటిలో ఉప్పు ఏ నెలలో ఎంత, ముఖద్వారాల దగ్గర ఇసుక ఎలా మేట వేస్తోంది, స్వర్ణముఖి, కాళంగి, ఆరణి తెచ్చే మంచినీళ్లు తగ్గితే రొయ్యపిల్లలు ఏమవుతాయి లాంటి విషయాలు వాటిలో ఉంటాయి. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ జంతుశాస్త్రవేత్త పి.జె. సంజీవరాజ్ ఈ సరస్సులోని జీవజాతుల మీద చేసిన కృషిని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ 2006లో పుస్తకంగా వేసింది. సరస్సు ఒకటే అయినా ఫొటోలు వెళ్లినంత దూరం ఈ రాతలు వెళ్లలేదు. దీనికి ఈ మధ్య విశ్వవిద్యాలయాల్లో ఒక మందు చెబుతున్నారు. పరిశోధన వ్యాసాన్ని కూడా ఫొటోలాగే సోషల్ మీడియాలో పెట్టండి, పదిమందికీ చేరుతుంది, ఉటంకింపులు పెరుగుతాయి అని. ఈ మందు పనిచేస్తుందా లేదా అన్నది అభిప్రాయాలతో తేల్చే విషయం కాదు. దాన్ని పరీక్ష పెట్టి చూసినవాళ్లున్నారు. వాళ్ల లెక్కలు చూస్తే ఈ సలహాలో సగమే నిజమని తేలుతుంది, పులికాట్ లాంటి చోటికి ఆ నిజమైన సగం కూడా అంతగా అక్కరకు రాదు.

సలహాకి మొదట బలం ఇచ్చింది 2011లో వచ్చిన ఒక అధ్యయనం. వైద్యరంగంలో ఇంటర్నెట్ వాడకం మీద వచ్చే ఒక పత్రికకు సంపాదకుడైన గుంథర్ ఐసెన్‌బాక్, తన పత్రికలోనే వచ్చిన 55 వ్యాసాల గురించి ట్విటర్‌లో ఎవరెంత మాట్లాడారో లెక్క తీశాడు. ఎక్కువగా ట్వీట్ అయిన 12 వ్యాసాల్లో 9 తర్వాత ఎక్కువ ఉటంకింపులు తెచ్చుకున్నాయి. మిగతా 43లో అలా వెలిగినవి 3 మాత్రమే. ఎక్కువ ట్వీట్లు పడిన వ్యాసానికి పేరు వచ్చే అవకాశం 11 రెట్లు అన్న మాట అప్పటి నుంచి ప్రతి శిక్షణ తరగతిలోనూ వినిపిస్తోంది. దానికి ఒక ఏడాది ముందే, 2010లో, జేసన్ ప్రీమ్ అనే పరిశోధకుడు ఆల్ట్‌మెట్రిక్స్ అనే పేరు పెట్టాడు. వ్యాసానికి ఉటంకింపులొక్కటే కొలత కాదు, వార్తల్లో, బ్లాగుల్లో, ట్వీట్లలో వచ్చిన ప్రస్తావనలన్నీ లెక్కలోకి రావాలన్నది దాని సారాంశం. త్వరలోనే ఆ పేరుతో ఒక సంస్థ వచ్చింది, వ్యాసం పక్కన రంగురంగుల చక్రంలో ఒక అంకె కనిపించడం మొదలైంది. అంకె కనిపిస్తే దాన్ని పెంచుకోవాలనిపించడం మనుషులకు సహజమే. పైగా ర్యాంకుల కోసం ఉటంకింపులు లెక్కపెట్టే కాలంలో, అవి పెరిగే దారి ఉందంటే ఏ విశ్వవిద్యాలయం వద్దంటుంది?

ఇక్కడే ఆగి చూడాలి. ఫ్లెమింగోలు దిగిన చోట కార్లు ఆగుతాయి. అలాగని ఖాళీ నీళ్ల పక్కన పది కార్లు తెచ్చి నిలబెడితే ఫ్లెమింగోలు దిగవు. ముఖ్యమైన వ్యాసాన్ని జనం ఎక్కువగా పంచుకుంటారు, తోటి శాస్త్రవేత్తలూ ఎక్కువగా ఉటంకిస్తారు. రెండింటికీ కారణం వ్యాసంలోనే ఉండొచ్చు. ట్వీట్ వల్లే ఉటంకింపు వచ్చిందని చెప్పాలంటే, దాదాపు ఒకే విలువ ఉన్న రెండు వ్యాసాల్లో ఒకదానికి ప్రచారం ఇచ్చి, రెండోదానికి ఇవ్వకుండా ఉంచి చూడాలి. ఏది ఎంచుకోవాలో మనిషి ఇష్టానికి వదలకుండా చీటీ తీయాలి. ఈ నియమం లేకుండా వచ్చిన అధ్యయనాలు డజన్ల కొద్దీ ఉన్నాయి. వాటన్నిటినీ పోగేసినా ఐసెన్‌బాక్ లెక్క చెప్పిన దానికన్నా ఎక్కువేమీ చెప్పలేవు.

సోషల్ మీడియా పుట్టకముందే ఇలాంటి పరీక్ష ఒకటి అనుకోకుండా జరిగింది. 1978 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ సిబ్బంది సమ్మెకు దిగారు. సుమారు పన్నెండు వారాలపాటు పేపరు జనం చేతికి రాలేదు, కానీ రికార్డు కోసం సంచికలు మాత్రం తయారయ్యాయి. అంటే ఏ వైద్య పరిశోధనను వార్తగా వేసి ఉండేవారో తెలుసు, ఆ వార్తను ఎవరూ చదవలేదనీ తెలుసు. డేవిడ్ ఫిలిప్స్, ఆయన సహచరులు 1991లో ఈ సందర్భాన్ని పట్టుకున్నారు. మామూలు రోజుల్లో టైమ్స్ వార్తగా వేసిన న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ వ్యాసాలకు, వేయని వాటికన్నా మొదటి ఏడాదిలో దాదాపు 73 శాతం ఎక్కువ ఉటంకింపులు వచ్చాయి. సమ్మె రోజుల్లో ఎంపికై కూడా జనానికి చేరని వాటికి ఆ లాభం లేదు. వ్యాసం గొప్పదనమే కారణమైతే సమ్మె కాలంలోనూ తేడా కనిపించాలి కదా. కనిపించలేదు కాబట్టి ప్రచారానికి సొంత బలం ఉందని తేలింది. సమ్మె కాలంలో లెక్కకు దొరికిన వ్యాసాలు తొమ్మిదే అన్న లోటు ఉన్నా, ఇంత తెలివైన ఆధారం ఈ విషయంలో తక్కువ. కాబట్టి ప్రచారం వల్ల ఏమీ కాదని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. ఒక ఊళ్లోని డాక్టర్లందరూ ఒకే ఉదయం ఒకే పేపరు తెరిచే రోజుల్లో, విషయం తెలిసిన విలేఖరి దాన్ని విప్పి చెప్పినప్పుడు, దానికి ఫలితం ఉంది. ఎవరికి వాళ్లకే వేరే వేరే పోస్టులు కనిపించే తెర మీద అదే ఫలితం వస్తుందా అన్నది వేరే ప్రశ్న. దాన్ని విడిగానే పరీక్షించాలి.

పరీక్షించారు. గుండె జబ్బుల పత్రిక సర్క్యులేషన్ తన 243 వ్యాసాలను చీటీల పద్ధతిలో రెండు వాటాలు చేసి, ఒక వాటాను మాత్రమే ఫేస్‌బుక్, ట్విటర్‌లలో ప్రచారం చేసింది. ముప్ఫై రోజుల్లో ప్రచారం ఉన్న వ్యాసాన్ని తెరిచిన మధ్యస్థ సంఖ్య 409, లేనిదాన్ని 392. అంటే తేడా లేనట్టే. 2015లో ఈ ఫలితం వచ్చినప్పుడు, పత్రిక ఖాతా నుంచి పెడితే ఎవరు చూస్తారు, పేరున్న మనుషులు పెట్టాలి అని కొందరన్నారు. సబబైన మాటే. దానికి జవాబు 2024లో వచ్చింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేపల వనరుల మీద పనిచేసే ట్రెవర్ బ్రాంచ్, జీవశాస్త్రాల్లో ట్విటర్ మీద బాగా పేరున్న ఆయన తోటి శాస్త్రవేత్తలు కలిసి మూడేళ్లపాటు ఒక ప్రయోగం చేశారు. పద్ధతి చూడండి. ఒక పత్రికలో ఒకే నెలలో వచ్చిన ఐదు వ్యాసాలను చీటీ తీసి ఎంచారు. ఆ ఐదింటిలో మళ్లీ చీటీ తీసి ఒక్కదాని గురించే ట్వీట్ చేశారు. మిగతా నాలుగూ పోల్చి చూసుకోడానికి. ఇలా ఒక్కో పత్రిక నుంచి పదిసార్లు, మొత్తం పదకొండు పత్రికలు. ట్వీట్ చేసినవి 110, పక్కన ఉంచినవి 440. ఒకే పత్రిక, ఒకే నెల కావడంతో పత్రిక పేరు, వ్యాసం వయసు అనే రెండు సాకులూ పోయాయి. చీటీ వల్ల ఇష్టాయిష్టాలు పోయాయి. ట్వీట్ పెట్టిన వెంటనే డౌన్‌లోడ్లు 2.6 నుంచి 3.9 రెట్లయ్యాయి. మూడేళ్ల తర్వాత కూడా ఆల్ట్‌మెట్రిక్ అంకె 81 శాతం ఎక్కువగా నిలిచింది. ఉటంకింపులు మాత్రం ఒక లెక్క ప్రకారం 7 శాతం, ఇంకో లెక్క ప్రకారం 12 శాతం పెరిగినట్టు కనిపించాయి. ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా రావొచ్చని గణాంక పరీక్ష చెప్పింది. తమ ట్వీట్లకు బలం ఉందని తేలితే అందరికన్నా లాభపడేది ఈ పరిశోధకులే. అయినా లేదని రాశారు. అందుకే ఈ ఫలితాన్ని ఇంకొంచెం నమ్మబుద్ధి అవుతుంది.

దీనికి ఎదురు ఆధారం లేకపోలేదు. ఛాతీ శస్త్రచికిత్స నిపుణుల బృందం ఒకటి 112 వ్యాసాల్లో సగం ట్వీట్ చేసి ఏడాది ఆగి చూస్తే, ట్వీట్ చేసినవాటికి సగటున 3.1 ఉటంకింపులు, మిగతావాటికి 0.7 కలిశాయని 2020లో ప్రకటించింది. ఆ వ్యాసాల ఉటంకింపులను ప్రచురణరంగ విశ్లేషకుడు ఫిల్ డేవిస్ మళ్లీ లెక్కకట్టి, తనకు ఆ లాభం కనిపించలేదన్నాడు. తగవు ఎటు తెగినా ఒకటి గమనించాలి. అది ఇరుకైన వృత్తి. ఆ ట్వీట్లు చదివేవాళ్లూ, ఆ వ్యాసాలు రాసేవాళ్లూ చాలావరకు ఒకళ్లే. సోషల్ మీడియా అలాంటి చిన్న గుంపులో పాతకాలపు ఉమ్మడి పేపరులా పనిచేసిందంటే ఆశ్చర్యం లేదు. పులికాట్ లాంటి సరస్సు మీద పనిచేసేవాళ్లు అలాంటి ఒక్క గుంపు కాదు. చేపల శాస్త్రం, పక్షులు, భూస్వరూపశాస్త్రం, ఉపగ్రహ చిత్రాలు, సమాజశాస్త్రం అన్నీ తలో మూలా ఉంటాయి.

అసలు ఎందుకు పనిచేయదు? ఉటంకింపు అనేది వ్యాసం రాస్తూ కూర్చున్న మనిషి చేసే పని. ఆరు నెలల క్రితం తెర మీద మెరిసిన లింకు అప్పుడు గుర్తుండదు. గూగుల్ స్కాలర్‌లో వెతుక్కుంటాడు, చేతిలో ఉన్న వ్యాసం చివరి పట్టిక చూసుకుంటాడు, తెలిసినవాళ్లని అడుగుతాడు. వెతికినప్పుడు దొరకడం ఒక పని, వెతక్కుండానే కంటబడటం ఇంకో పని. రెండోది ఎంత పెరిగినా మొదటిది దానంతటది పెరగదు. ఇంకా చేదు నిజం ఒకటుంది. ట్విటర్‌లో పంచుకున్న వార్తా లింకుల మీద 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, అలా పంచుకున్న లింకుల్లో 59 శాతం ఎవరూ ఒక్కసారి కూడా నొక్కలేదని తేలింది. శీర్షిక చూసి ముందుకు తోసేస్తున్నారు. వాట్సాప్‌లో ఫార్వార్డ్ చేసే అలవాటున్న మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. వెతికే చోట దొరికితే ఏమవుతుందో చూపే ప్రయోగం కూడా ఉంది. రసాయనశాస్త్రం మీద కొత్త వికీపీడియా వ్యాసాలు రాయించి, వాటిలో చీటీ పడినవాటినే పైకి పెట్టి, తర్వాత వచ్చిన పరిశోధన వ్యాసాల్లో ఆ మాటల జాడ వెతికితే దొరికిందని నీల్ థాంప్సన్, డగ్లస్ హాన్లీ చూపించారు. చదివి వెళ్లిపోయిన మనిషి రాసేటప్పుడు మళ్లీ వచ్చే చోటు వికీపీడియా. ట్వీట్‌కి ఆ గుణం లేదు. పైగా ఆ వేదిక మన చేతిలోనూ లేదు. 2023లో ట్విటర్ పేరు మారి ఎక్స్ అయింది, పరిశోధకులకు ఉచితంగా ఇచ్చే సమాచారం ఆగిపోయింది, శాస్త్రవేత్తల్లో చాలామంది బ్లూస్కై లాంటి చోట్లకి తరలిపోయారు. పదేళ్లు కూడబెట్టిన అనుచరులు ఒక్క యజమాని నిర్ణయంతో చెల్లాచెదురయ్యారు.

గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. పేరున్న పత్రికల్లో, పేరున్న దేశాల నుంచి వచ్చే వ్యాసాలకు ఎలాగూ చదివేవాళ్లుంటారు, అందుకే వాటికి ట్వీట్ అదనంగా చేసేదేమీ లేదు. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో నెల్లూరు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలోనో పరిశోధన చేసి చిన్న పత్రికలో ప్రచురించుకున్న విద్యార్థికి, ఉన్న ఒకే కిటికీ సోషల్ మీడియా కాదా? ఈ మాటలో బలం ఉంది. పై ప్రయోగాలేవీ ఆ విద్యార్థి వ్యాసాల మీద జరగలేదు. కాబట్టి పెట్టొద్దని చెప్పే హక్కు వాటికి లేదు. పెడితే పోయేదేమీ లేదు, డౌన్‌లోడ్లు పెరగడం నిజమే, ఆ డౌన్‌లోడ్ల వెనక ఒక సహకారమో ఉద్యోగమో ఉండొచ్చు. కానీ వేల మంది అనుచరులున్నవాళ్ల ట్వీట్‌కే లేని బలం రెండొందల మంది అనుచరులున్న ఖాతాకి ఎక్కడి నుంచి వస్తుంది? ఆ విద్యార్థికి నిజంగా పనికొచ్చేవి ఇంతకన్నా నీరసమైనవి. శీర్షికలో పులికాట్ అన్న పేరు ఉండాలి, దాన్ని తమిళంలో పళవేర్కాడు అని వెతికేవాళ్లకి కూడా దొరకాలి. పూర్తి పాఠం డబ్బు కట్టకుండా తెరుచుకునే చోట ఉండాలి. సేకరించిన అంకెలు పట్టికలుగా పక్కనే ఉండాలి. 2025 జనవరి నుంచి అమలవుతున్న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి తెచ్చారు. మంచిదే. అయితే ఆ గొడుగు కింద సూళ్లూరుపేట ఫారెస్టు రేంజ్ ఆఫీసు లేదు, తడ మండలంలోని పంచాయతీ లేదు, మత్స్యకార సహకార సంఘం లేదు. సరస్సు గురించి రోజూ నిర్ణయాలు తీసుకునేది వాళ్లు.

ఈ మాటతో కొలత దగ్గరికి వస్తాం. ఇంతసేపూ ఉటంకింపుల గురించి మాట్లాడింది వాటిని పెంచుతామన్న వాగ్దానం ఉంది కాబట్టి. పులికాట్‌కి సంబంధించినంతవరకు ఉటంకింపు కూడా మంచి కొలత కాదు. కడప జిల్లా లంకమల అడవుల కథ దీనికి సాక్ష్యం. కలివికోడి అనే రాత్రిపక్షిని శాస్త్రం 1848లో నమోదు చేసింది, 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఊళ్లలో తిరిగి బొమ్మలు చూపించి అడిగారు. 1986 జనవరిలో ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుతురులో దాన్ని పట్టుకోవడంతో ఉనికి తెలిసింది. తర్వాతి పరిశోధకులు మట్టిలో అడుగుజాడల పట్టీలు పరిచి, కెమెరాలు అమర్చి, ఏ రకం పొదల మధ్య అది బతుకుతుందో మ్యాపుల మీదకెక్కించారు. కృష్ణా నీళ్లను చెన్నై దాకా తీసుకెళ్లే తెలుగుగంగ పథకం కాలువ ఆ పొదల మీదుగా పడబోతున్నప్పుడు, ఆ మ్యాపులు అధికారుల ముందుకెళ్లాయి, కాలువ దారి మారింది. ప్రపంచంలో ఒక్క మూలే బతికే పక్షి మీద వచ్చే వ్యాసాలను ఉటంకించేవాళ్లు ఎంతమంది ఉంటారు? అయినా వాటి వల్ల ఒక పెద్ద కాలువ పక్కకు జరిగింది. వాటిని చేరవలసినవాళ్లు చాలా కొద్దిమంది. ఆ కొద్దిమందికీ ఫైలు రూపంలో, సమయానికి, మ్యాపుతో సహా చేరాయి. రంగుల చక్రంలో ఆ ఘనత కనిపించే అవకాశమే లేదు.

ఇలా చేరడానికి పెద్ద ఎత్తున చేసిన ప్రయత్నం పులికాట్ ఒడ్డునే మొదలవుతుంది. సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న శ్రీహరికోట దీవి నుంచి 2009 సెప్టెంబరు 23న ఓషన్‌శాట్-2 వెళ్లింది, 2022 నవంబరు 26న దాని తర్వాతి తరం ఉపగ్రహం ఇఓఎస్-06 వెళ్లింది. ఇలాంటి ఉపగ్రహాలు సముద్రపు రంగు చూసి పత్రహరితం ఎక్కడ ఎక్కువుందో చెబుతాయి. పత్రహరితం ఉన్నచోట సూక్ష్మ వృక్షజాలం, దాని వెంట చేపలు. దానికి సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత జోడించి, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాల సూచనలు తయారు చేస్తుంది. ఏ తీరం నుంచి ఏ దిక్కున ఎంత దూరం, అక్కడ ఎంత లోతు అన్నది తెలుగుతో సహా తీరప్రాంత భాషల్లో వెళుతుంది. ఎస్సెమ్మెస్, రేవుల్లోని బోర్డులు, ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ తెచ్చిన ఫిషర్ ఫ్రెండ్ యాప్ లాంటి దారులన్నీ వాడుతున్నారు. ఈ సూచన వెనక ఎన్నో పరిశోధన వ్యాసాలున్నాయి. పడవ యజమాని వాటిలో ఒక్కటీ చదవడు, చదవక్కర్లేదు. అతనికి కావలసింది పరిశోధన కాదు, దాని ఫలితం, అదీ ఇంజన్ స్టార్ట్ చేయకముందు. ఫోను వల్ల వేటలో లాభం ఉంటుందనడానికి గట్టి ఆధారం కేరళ నుంచి ఉంది. 1997–2001 మధ్య అక్కడ ఒక్కో ప్రాంతానికి విడతలవారీగా మొబైల్ ఫోన్లు రావడాన్ని ఆసరా చేసుకుని రాబర్ట్ జెన్సన్ లెక్కలు తీశాడు. ఏ రేవులో ధర ఉందో సముద్రంలోంచే కనుక్కోగలిగాక, అమ్ముడుపోక పారబోసే చేప దాదాపు లేకుండా పోయింది, మత్స్యకారుల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాడికి ధర 4 శాతం తగ్గింది. పనిచేసింది అనుచరుల సంఖ్య కాదు, సరైన మనిషికి సరైన ఘడియలో అందిన ఒక్క చిన్న వివరం.

సముద్రంలో వేటాడేవాళ్లకు అందుతున్న ఈ సౌకర్యం సరస్సులో వేటాడేవాళ్లకు అదే రూపంలో పనికిరాదు. ఉపగ్రహం సూచించే చేపలగుంపులు వాళ్లవి కావు. వాళ్ల బతుకు ముఖద్వారాల మీద ఆధారపడింది. రాయదొరువు ముఖద్వారం దగ్గర ఇసుక మేట వేస్తే ఉప్పునీరు లోపలికి రాదు, నీటితో వచ్చే రొయ్యపిల్లలు రావు, ఎండాకాలంలో ఉత్తరపు భాగం ఎండిపోతుంది. పూడిక తీయాలని ఏళ్ల తరబడి అడుగుతున్నారు. సరిగ్గా ఈ విషయాల మీదే పరిశోధన ఉంది, ఇంగ్లీషులో. పులికాట్ గురించి సోషల్ మీడియాలో ఎక్కువగా తిరిగేది ఏదంటే ఫ్లెమింగో. పక్షుల పండగ రోజుల్లో మరీను. అందులో తప్పేం లేదు, పక్షి ఒక ఊరికి గౌరవం తెచ్చింది. కానీ ఫొటో చూపించేది నిండుగా ఉన్న నీటిని, గులాబీ రంగు గుంపును. ముఖద్వారం మూసుకుపోవడం ఫొటోలో పడదు, పడినా ఉత్త ఇసుకలా ఉంటుంది. ఇష్టపడే బొమ్మకే పెద్దపీట వేసే వేదిక మీద వ్యాసానికి ప్రచారం చేస్తే, వ్యాసంలోంచి కూడా బొమ్మే బయటికొస్తుంది, ఇసుక లోపలే ఉండిపోతుంది.

ఇంత చెప్పాక సోషల్ మీడియా పులికాట్ శాస్త్రానికి దండగ అనుకుంటే అది కూడా పొరపాటే. వ్యాసం జనంలోకి వెళ్లే దారిగా అది బలహీనం. జనం నుంచి వ్యాసంలోకి సమాచారం వచ్చే దారిగా దాని బలం వేరు. దగ్గర్లోని నేలపట్టు చెరువులో నీటి కడప చెట్ల మీద గూళ్లు పెట్టే గూడబాతుల్ని, పులికాట్ లోతులేని నీళ్లలోని ఫ్లెమింగోలను ఎవరో ఒకరు ఏటా లెక్కపెడుతున్నారు. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతోంది. ఈబర్డ్ అనే వేదికలో తేదీ, చోటు, చూసిన సమయం, చూసిన పక్షుల సంఖ్య రాసి పెట్టడం ఇప్పుడు వేలమందికి అలవాటు. 2023లో వచ్చిన దేశపు పక్షుల స్థితి నివేదిక 30,000 మందికి పైగా పక్షి ప్రేమికులు నమోదు చేసిన సుమారు 3 కోట్ల పరిశీలనల మీద నిలబడి, 942 జాతుల గురించి మాట్లాడింది. ఏ ప్రభుత్వ శాఖా అంతమందిని జీతమిచ్చి తిప్పలేదు. తేదీ లేని, చోటు లేని ఫొటో అందాన్ని మాత్రమే ఇస్తుంది. అదే ఫొటోకి ఆ రెండు వివరాలు తగిలిస్తే పరిశోధనకు ముడిసరుకు అవుతుంది. కారులోంచి దిగి ఫొటో తీసే మనిషిని, లెక్క రాసే మనిషిగా మార్చడం విశ్వవిద్యాలయాల ప్రచార విభాగాలు చేయగలిగిన పని, వ్యాసాల లింకులు పంచడం కన్నా పదింతలు ఉపయోగం. జాగ్రత్త ఒకటే. ఎక్కడ గూడు ఉందో చెప్పకూడని జాతులుంటాయి, వేటగాళ్లూ ఫోన్లు చూస్తారు. అలాంటి కొన్ని జాతుల ఆచూకీని ఈబర్డ్ బయటికి చూపించకపోవడం అందుకే.

ఇక మిగిలింది వ్యాసం సరస్సు ఒడ్డుకి చేరే దారి. దాన్ని కూడా ఊహతో వదిలేయనక్కర్లేదు, బ్రాంచ్ బృందం చేసినట్టు చీటీ వేసి తేల్చొచ్చు. వాకాడు, చిట్టమూరు, దొరవారిసత్రం, సూళ్లూరుపేట, తడ మండలాల్లో సరస్సు మీద బతికే ఊళ్లను రెండు వాటాలు చేయొచ్చు. ఒక వాటా ఊళ్లకి నెలకోసారి నీటిలోని ఉప్పు, ముఖద్వారం వెడల్పు, లోతు, ఒక పేజీ తెలుగులో, చదవలేనివాళ్లకి నిమిషం నిడివి ఉన్న వాయిస్ మెసేజ్‌గా, సహకార సంఘం వాట్సాప్ గ్రూపులోకి వెళ్లాలి. తమిళనాడు వైపు ఊళ్లకి అదే తమిళంలో. రెండో వాటాకి ఒక ఏడాది ఆగి ఇస్తే ఎవరికీ అన్యాయం కాదు. వేటస్థలాలను వంతులవారీగా పంచుకునే పాడు పద్ధతి ఈ సరస్సులో పాతదే కాబట్టి, వంతు రావడానికి ఆగడమంటే ఇక్కడ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఏడాది చివర చూడాల్సింది లైకులు కాదు. ఏ ఊరి వాళ్లు వల ఎప్పుడు, ఎక్కడ వేయాలన్న నిర్ణయం మార్చుకున్నారు, పూడిక గురించి కలెక్టరేట్‌కి వెళ్లిన అర్జీల్లో అంకెలతో వెళ్లినవి ఎన్ని, గ్రామసభల్లో ఆ అంకెలు ఎవరు ఎత్తారు అన్నది చూడాలి. 1954 నుంచి ఉన్న ఎస్వీ విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐసర్, ఐఐటీ తిరుపతిలోనే ఉన్నాయి. 1988 నుంచి సైన్సును తెలుగులో ఊళ్లకి మోస్తున్న జనవిజ్ఞాన వేదిక అనుభవం ఉంది. ఖర్చు పెద్దది కాదు. కష్టం ఎక్కడంటే, ఆ ఒక పేజీ రాసే అధ్యాపకుడి పదోన్నతి పత్రంలో దానికి గడి లేదు. ఆ గడి ఏర్పాటు చేయడం తిరుపతిలోని పాలకమండళ్ల చేతిలో పని, దానికి ఎక్స్ యజమాని అనుమతి అక్కర్లేదు.